మూడో తీగ నోరు నొక్కకండి

మీ బడిలో కంప్యూటర్ల గది ఉందా? ఉంటే, ఈసారి అందులో అడుగు పెట్టగానే ఒక్క నిముషం కళ్ళు మూసుకుని నిలబడండి. ఏం వినిపిస్తుంది? దగ్గర్లో ఎక్కడో తేనెపట్టు ఉన్నట్టు జుమ్మని సన్నటి రొద. పిల్లలు మీటలు నొక్కే చప్పుడు మధ్యమధ్య ఆగుతుంది గాని, ఆ రొద మాత్రం ఆగదు. అది కంప్యూటరు ఆలోచిస్తున్న చప్పుడని మా ఆరో తరగతి పిల్లలు గట్టిగా నమ్ముతారు. కాదు. కంప్యూటరు ఆలోచనకి చప్పుడు ఉండదు. మీరు వింటున్నది ఫ్యాన్ల చప్పుడు.

ఆ ఫ్యాను గురించే ఈ వ్యాసం. దానికి తీగలు ఎలా కలుపుతారో, దాని వేగాన్ని ఎలా అదుపులో పెడతారో చెబుతాను. అయితే ఈ విషయంలో నాకు ఒక గట్టి అభిప్రాయం కూడా ఉంది. అది నేను చేసిన తప్పువల్ల ఏర్పడింది కనక, ముందు ఆ తప్పు చెప్పుకోవాలి.

నేను విశాఖపట్నంలో, ఓడరేవుకి దగ్గర్లో ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో సైన్సు మాస్టారిని. కంప్యూటర్ల గది తాళంచెవి కూడా నా దగ్గరే ఉంటుంది. సైన్సు మాస్టారంటే కరెంటు సంగతులన్నీ తెలిసినవాడని బడిలో అందరికీ ఓ నమ్మకం! అయిదేళ్ళ కిందట ఒక కంప్యూటరులో ఫ్యాను కిర్రుకిర్రుమని అరవడం మొదలెట్టింది. మెకానిక్కుని పిలిపించి కొత్తది వేయించాను. ఆ మర్నాటి నించి స్విచ్చి వెయ్యగానే తెర మీద ఓ మాట కనిపించేది: "సి.పి.యు. ఫ్యాను ఎర్రర్. ఎఫ్ 1 నొక్కండి" అని. పిల్లలు నన్ను పిలవడం, నేను వెళ్ళి మీట నొక్కడం, పాఠం ఆగిపోవడం. వారం రోజులు ఓర్చుకుని, మెకానిక్కుని మళ్ళీ పిలిచి, "ఫ్యాను తిరుగుతూనే ఉందిగా! ఆ మాట రాకుండా చెయ్యవయ్యా బాబూ" అన్నాను. ఆయన రెండు నిముషాల్లో చేసి వెళ్ళిపోయాడు. హాయిగా ఉంది అనుకున్నాను.

రెండేళ్ళు గడిచాయి. జూన్ నెల, బడులు తెరిచిన కొత్త. బయట ఎండ, గదిలో ఉక్కపోత. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె సైన్సు ప్రదర్శనకి ఒక పని చేస్తోంది. ఊళ్ళో మూడు చోట్ల కిటికీ గట్ల మీద గాజుపలకలు పెట్టి, ఏ రోజు ఎంత ధూళి పడుతోందో తూచి, ఆ లెక్కలు పట్టికగా కంప్యూటరులో ఎక్కిస్తోంది. ఒకరోజు అది సగంలో టక్కున ఆరిపోయింది. ఆమె అప్పటికి భద్రపరచని పట్టిక అంతా పోయింది. మళ్ళీ స్విచ్చి వేస్తే వచ్చింది, కాసేపటికి మళ్ళీ ఆరిపోయింది. "ఏదో నొక్కకూడనిది నొక్కి ఉంటావు" అని అందరి ముందూ కేకలేశాను. ఆ పిల్ల మారు మాట్లాడలేదు.

మర్నాడు వచ్చి, మెల్లిగా అంది: "మాస్టారూ, పక్క కంప్యూటర్లన్నీ రెండు చప్పుళ్ళు చేస్తున్నాయండీ. ఇది ఒక్కటే చేస్తోంది."

ఎంత పదునైన చెవి చూడండి! పెట్టె విప్పి చూశాం. ప్రాసెసరు మీది ఫ్యాను నల్లటి దూదిలాంటి ధూళిలో కూరుకుపోయి కదలకుండా ఉంది. దాని ప్లగ్గు ఊడదీశాను. ప్లగ్గుకి మూడు కన్నాలున్నాయి, కాని వాటిలో తీగలు రెండే! మూడో కన్నం ఖాళీ. అప్పుడు తలమీద మొట్టినట్టు అర్థమయింది, రెండేళ్ళ కిందట ఆ కంప్యూటరు నాతో ఏం మొరపెట్టుకుందో. ఆ అమ్మాయిని అందరి ముందూ తిట్టాను కనక, అందరి ముందే నాది పొరపాటని ఒప్పుకున్నాను. పోయిన పట్టిక మాత్రం తిరిగి రాలేదు. కాగితాల మీద రాసుకున్న అంకెలు చూసి మొదటినించీ మళ్ళీ ఎక్కించింది.

ఇంతకీ కంప్యూటరుకి ఫ్యాను ఎందుకు? మీ ఇంట్లో ఇస్త్రీపెట్టె తీసుకునే విద్యుచ్ఛక్తి అంతా వేడిగా మారుతుందని మీకు తెలుసు. కంప్యూటరు పెట్టె సంగతీ దాదాపు అంతే! అది లెక్కలు చేస్తుంది, బొమ్మలు గీస్తుంది, నిజమే. కాని తీసుకున్న శక్తి చివరికి వేడి రూపంలోనే బయటపడుతుంది. 100 వాట్లు తీసుకునే పెట్టె అంటే, తలుపు వేసిన చిన్న అలమరలో 100 వాట్ల పాతకాలపు బల్బు వెలిగించి ఉంచినట్టే. అందులో పెద్ద భాగం బొటనవేలి గోరంత సిలికాన్ ముక్కలో పుడుతుంది. దాన్ని ఊరికే వదిలేస్తే నిముషాల మీద ఉడికిపోతుంది.

వేడి మాయమవదు; ఒకచోటి నించి మరోచోటికి పోవలసిందే. మా ఊరి ఉక్కు కర్మాగారంలో ఇది బ్రహ్మాండమైన స్థాయిలో కనిపిస్తుంది. బొగ్గుని కాల్చి తీసిన కోకు ఎర్రగా, 1000 డిగ్రీల వేడితో బట్టీ నించి బయటికొస్తుంది. దాని మీద నీళ్ళు పోసి చల్లార్చడం పాతపద్ధతి. ఇక్కడ దాని గుండా నైట్రోజన్ వాయువుని పెద్ద పెద్ద ఫ్యాన్లతో తోస్తారు. వాయువు కోకులోని వేడిని మోసుకుపోయి నీళ్ళని ఆవిరి చేస్తుంది, ఆ ఆవిరితో కరెంటు పుట్టిస్తారు. కంప్యూటరు పెట్టెలో జరిగేదీ ఈ మోతపనే. ప్రాసెసరు మీద అల్యూమినియం రెక్కల దిమ్మ ఒకటి అంటించి ఉంటుంది. దాన్ని హీట్ సింకు అంటారు. వేడి ముందు ఆ రెక్కల్లోకి పాకుతుంది, రెక్కల మధ్య గాలి దాన్ని మోసుకుపోతుంది. ఆ గాలిని తోసే కూలీ మన ఫ్యాను.

ఇక్కడ మీరొక పొరపాటు పడే వీలుంది. ఇంట్లో ఫ్యాను కింద కూర్చుంటే చల్లగా ఉంటుంది కదా, కనక ఫ్యాను గాలిని చల్లబరుస్తుందని అనుకుంటారు. అదేమీ లేదు. మీ ఒంటి మీది చెమట ఆరుతూ ఒంటిలోని వేడిని తీసుకుపోతుంది, అందుకే చల్లదనం. మా ఊళ్ళో గాలిలో తేమ ఎక్కువైన రోజున చెమట త్వరగా ఆరదు. అప్పుడు ఫ్యాను ఎంత తిరిగినా ఉక్కే. కంప్యూటరుకి చెమట పట్టదు. గదిలో 35 డిగ్రీలుంటే, ప్రాసెసరుని 34 డిగ్రీలకి దించే ఫ్యాను భూమ్మీద లేదు.

మరి ఎంత గాలి తోలాలి? కాగితం, పెన్సిలు తీసుకోండి. ఒక ఘనపు మీటరు గాలిని 1 డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 1200 జౌళ్ళు కావాలి. మన పెట్టెలో సెకనుకి 100 జౌళ్ళు పుడుతున్నాయి. లోపలికి వెళ్ళిన గాలి 10 డిగ్రీలకి మించి వేడెక్కకుండా బయటికి రావాలంటే, సెకనుకి 100ని 12,000 చేత భాగించినంత, అంటే దాదాపు 8 లీటర్ల పైచిలుకు గాలి కావాలి. సెకనుకి సగం బకెట్టు గాలి! అంతే. ఇందుకు తుపాను అక్కర్లేదు. అయితే ఈ సగం బకెట్టు రోజంతా ఆగకుండా రావాలి, అదీ అసలు సంగతి.

మొదట్లో ఇంత హడావిడి లేదు లెండి. 1981లో ఐ.బి.యం. వాళ్ళ మొదటి పర్సనల్ కంప్యూటరులో వాడిన 8088 ప్రాసెసరుకి ఫ్యానూ లేదు, రెక్కల దిమ్మా లేదు. కరెంటు సరఫరా చేసే పెట్టెలో మాత్రం ఒక ఫ్యాను ఉండేది. ప్రాసెసర్ల వేగం పెరిగినకొద్దీ వేడి పెరిగి, 1990 తరవాత వాటి నెత్తిన ఫ్యాను వచ్చి కూర్చుంది. నేను బి.ఇడి. చదివే రోజుల్లో మమ్మల్ని కంప్యూటరు చూపించడానికి తీసుకెళితే, చెప్పులు బయట విడిపించి ఏ.సి. గదిలోకి పంపారు. గుడికి వెళ్ళినట్టు దణ్ణం పెట్టుకుని వచ్చామే తప్ప, దాని లోపల ఏముందో అడగడం ఎవరికీ తోచలేదు.

సరే, తీగల సంగతి. ఈ ఫ్యాను 12 వోల్టుల డి.సి. మోటారుతో నడుస్తుంది. మీ పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసిన మోటారులో కార్బన్ బ్రష్షులుంటాయి, అవి అరిగిపోతాయి. ఇందులో బ్రష్షులుండవు. రెక్కల చక్రానికి లోపలివైపు అయస్కాంతపు కట్టు ఉంటుంది, మధ్యలో కదలని తీగచుట్టలుంటాయి. అయస్కాంతపు ఏ ధ్రువం ఇప్పుడు ఎదురుగా ఉందో కనిపెట్టి, ఏ చుట్టకి కరెంటు పంపాలో నిర్ణయించేందుకు ఓ చిన్న ముక్క ఉంటుంది. అది పనిచేసేది హాల్ ఎఫెక్టు మీద. 1879లో ఎడ్విన్ హాల్ అనే అమెరికన్, విద్యార్థిగా ఉండగానే దీన్ని కనిపెట్టాడు: కరెంటు పారుతున్న పలచటి లోహపు రేకుని అయస్కాంత క్షేత్రంలో పెడితే, రేకుకి అడ్డంగా కొద్దిపాటి వోల్టేజీ పుడుతుంది.

రెండు తీగల ఫ్యానులో ఒకటి 12 వోల్టులు తెచ్చేది, రెండోది తిరిగి వెళ్ళే గ్రౌండు. కరెంటు ఇస్తే తిరుగుతుంది, తీసేస్తే ఆగుతుంది. అది తిరుగుతోందో లేదో బోర్డుకి తెలియదు.

మూడో తీగ ఆ సంగతి చెబుతుంది. ఫ్యాను ఒక చుట్టు తిరిగితే ఈ తీగలో రెండు స్పందనలు పుడతాయి. సెకనుకి 50 స్పందనలు వచ్చాయనుకోండి, 25 చుట్లు. అంటే నిముషానికి 1500 చుట్లు. మదర్‌బోర్డు లెక్కపెడుతూనే ఉంటుంది. స్పందనలు రాలేదా, "ఫ్యాను పలకటం లేదు" అని మొర పెడుతుంది. మా బడిలో జరిగింది ఇదే. మెకానిక్కు వేసినది మూడో తీగ లేని ఫ్యాను. బోర్డు ఆ సంగతి గ్రహించి చెప్పింది. దాన్ని పట్టించుకోవద్దని నేను ఆజ్ఞ ఇప్పించాను. తరవాత నిజంగానే ఫ్యాను ఆగిపోయిన రోజున, చెప్పడానికి దానికి నోరు లేదు.

నాలుగో తీగ బోర్డు నించి ఫ్యానుకి వెళ్ళే ఆజ్ఞ. మూడు తీగల ఫ్యాను వేగం తగ్గించాలంటే 12 వోల్టుల్ని 9కో 7కో తగ్గించాలి. మరీ తగ్గిస్తే ఫ్యాను మొండికేస్తుంది. తిరుగుతున్న ఫ్యాను తక్కువ వోల్టేజీతో తిరుగుతూ ఉంటుంది గాని, ఆగి ఉన్నదాన్ని లేపడానికి అంతకంటే ఎక్కువ కావాలి. నాలుగు తీగల ఫ్యానులో ఈ బాధ తక్కువ. 12 వోల్టులు ఎప్పుడూ పూర్తిగా అందుతూనే ఉంటాయి. నాలుగో తీగ మాత్రం సెకనుకి సుమారు 25,000 సార్లు "ఊఁ... ఆపు... ఊఁ... ఆపు" అంటూ ఉంటుంది. దీన్ని పల్స్ విడ్త్ మాడ్యులేషన్ అంటారు. మీరు సైకిలు మీద పోతూ, రెండు తొక్కులు తొక్కి, కాసేపు కాళ్ళు ఆపి, మళ్ళీ రెండు తొక్కుతారు చూడండి, అలాగన్నమాట. తొక్కే కాలం ఎక్కువైతే వేగం ఎక్కువ, ఆపే కాలం ఎక్కువైతే తక్కువ. సెకనుకి అన్ని వేల సార్లు ఎందుకంటే, ఆ మార్పు చప్పుడు మన చెవికి అందకుండా ఉండేందుకు. మనకి 20,000కి పైబడిన కంపనాలు వినిపించవు కదా!

అయితే ఆజ్ఞ ఇచ్చే తీగ ఉంటే చాలదా, తిరిగి చెప్పే తీగ ఎందుకు? ఇది మా పదో తరగతిలో ఒకడు అడిగాడు. వాళ్ళ నాన్న ఓడరేవులో టగ్గు మీద సరంగు. "మీ నాన్ననే అడిగి రారా" అన్నాను. మర్నాడు తెచ్చిన జవాబు ఇది: డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనించి సన్నటి కాలవలోకి ఓడని తెచ్చేటప్పుడు, చుక్కాని ఎటు తిప్పాలో పైలటు చెబుతాడు. చుక్కాని పట్టుకున్న మనిషి ఆ మాటని గట్టిగా తిరిగి చెబుతాడు, తిప్పాక తిప్పానని మళ్ళీ చెబుతాడు. తిరిగి చెప్పలేదంటే వినలేదన్నట్టే లెక్క. పాత ఓడల్లో పైనించి ఇంజను గదికి ఆజ్ఞలు పంపడానికి టెలిగ్రాఫు అనే గుండ్రటి యంత్రం ఉండేది. పైవాడు పిడి తిప్పి ముల్లుని "సగం వేగం" దగ్గర పెడితే, కింద గంట మోగేది. కిందవాడు తన పిడిని కూడా అక్కడికే తిప్పేవాడు. అప్పుడు పైన రెండో ముల్లు వచ్చి మొదటి ముల్లు పక్కన నిలబడేది. రెండు ముళ్ళూ కలిస్తేనే పైవాడికి ధైర్యం.

నాలుగో తీగ మొదటి ముల్లు, మూడో తీగ రెండో ముల్లు. ప్రాసెసరులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు ఒకటి ఉంటుంది. వేడి పెరిగిందని అది చెబితే బోర్డు వేగం పెంచమంటుంది. ఫ్యాను పెంచానంటుంది. గాలి పెరిగి వేడి తగ్గుతుంది. తగ్గిందని మళ్ళీ కబురు. 1788లో జేమ్స్ వాట్ తన ఆవిరియంత్రానికి తిరిగే ఇనుపగుండ్ల గవర్నరు పెట్టినది కూడా ఇందుకే. ఫలితాన్ని వెనక్కి తెచ్చి ఆజ్ఞని సవరించుకోవడం. దీన్నే ఫీడ్‌బ్యాక్ అంటారు. మీకు ఇష్టం లేకపోయినా మీ ఒంట్లో కూడా ఇదే జరుగుతోంది, లేకపోతే జ్వరం వచ్చి దిగేది కాదు.

"ఇంత గొడవెందుకు మాస్టారూ? ఎప్పుడూ పూర్తి వేగంతో తిప్పేస్తే సరిపోదా?" అని నా తోటి ఉపాధ్యాయులే అడుగుతారు. సరిపోతుంది, మీ ఊళ్ళో గాలి శుభ్రంగా ఉండి, మీ చెవులు మొద్దుబారి ఉంటే. మా ఊళ్ళో ఆ రెండూ కుదరవు. రేవులో బొగ్గు, ఇనుపఖనిజం దింపుతారు, ఎక్కిస్తారు. పాతనగరం వైపు కిటికీ గట్టు మీద వేలితో గీస్తే గీత పడుతుంది. దానికి తోడు సముద్రపు గాలిలో ఉప్పు. ఆ ఉప్పు తేమని పీల్చుకుని లోహాన్ని తింటుంది. ఫ్యాను ఎంత ఎక్కువ గాలి తోలితే అంత ఎక్కువ బొగ్గుపొడిని, ఉప్పుని పెట్టెలోకి పోస్తున్నట్టే. అక్కర్లేని గాలి తోలడం మా దగ్గర హాని.

పైగా ఫ్యాను లెక్కలు చిత్రంగా ఉంటాయి. వేగం సగం చేస్తే గాలి సగమవుతుంది, కాని ఫ్యాను తినే శక్తి సగం కాదు, ఎనిమిదో వంతు అవుతుంది. చప్పుడు కూడా బాగా పడిపోతుంది. ఇందాకటి పెట్టె ఊరికే ఉన్నప్పుడు 30 వాట్లే తీసుకుంటోందనుకోండి. సగం వేగంతో సెకనుకి 4 లీటర్ల గాలి తోలితే, ఆ గాలి ఎంత వేడెక్కుతుంది? లెక్క వెయ్యండి. 6 డిగ్రీలు పైచిలుకు వస్తుంది. పూర్తి పనిలో పూర్తి వేగంతో 10 డిగ్రీలు వచ్చిందిగా! అంటే ఊరికే ఉన్నప్పుడు సగం వేగం ధారాళంగా సరిపోతుంది. పది కంప్యూటర్లున్న గదిలో ఈ తేడా ఏమిటో, వెనక బెంచీలో కూర్చుని పాఠం వినడానికి తంటాలు పడే పిల్లల్ని అడగండి.

కంప్యూటరు లేవగానే నడిచే బయాస్ అనే ప్రోగ్రాములో ఈ ఏర్పాటు ఉంటుంది. ఏ ఉష్ణోగ్రతకి ఎంత వేగమో ఒక వంకరగీతలా చూపిస్తుంది. ఆ గీతని మరీ నిటారుగా పెట్టకండి. 1 డిగ్రీ పెరగ్గానే ఫ్యాను అరవడం, తగ్గగానే నోరుమూయడం, మళ్ళీ అరవడం... ఒకే వేగంతో వచ్చే రొదకంటే ఇది చికాకు.

ఇక కలపడంలో నాలుగు మాటలు. తీగల రంగుల్ని నమ్మకండి. మూడు తీగల ఫ్యానులో తరుచు పసుపు తీగ కబురు చెప్పేది. నాలుగు తీగల దానిలో అదే పసుపు 12 వోల్టులు తెచ్చేది! స్థానాన్ని చూడండి: మొదటిది గ్రౌండు, రెండోది 12 వోల్టులు, మూడోది కబురు, నాలుగోది ఆజ్ఞ. ప్లగ్గు పక్కనున్న గాడి బోర్డు మీది నాలికతో సరిపడేటట్టు పెడితే తలకిందులు కాదు. ప్రాసెసరు ఫ్యానుని, సి.పి.యు. ఫ్యాను అని రాసి ఉన్న పిన్నులకే కలపాలి, ఎందుకంటే బోర్డు కాపలా కాసేది అక్కడ. మూడు తీగల ఫ్యానుని నాలుగు పిన్నుల మీద పెట్టొచ్చు. కాని బోర్డు వోల్టేజీ తగ్గించే పద్ధతికి మారకపోతే అది పూర్తి వేగంతోనే తిరుగుతుంది. 12 వోల్టుల తీగకీ 5 వోల్టుల తీగకీ మధ్య ఫ్యాను కలిపి 7 వోల్టులు రాబట్టే చిట్కా ఒకటి పెద్ద పిల్లలు చెబుతారు. లెక్క సరైనదే గాని, అది మంచిది కాదు. ఎక్కడైనా తీగలు తగులుకుంటే 12 వోల్టులు 5 వోల్టుల దారిలోకి చొరబడి మిగతా భాగాల్ని మాడుస్తాయి.

గాలి ఎటు పోతుందో కూడా చూసుకోవాలి. చట్రం అడ్డకమ్ములున్న వైపు, అంటే పేరు అంటించి ఉన్న వైపు గాలి బయటికొస్తుంది. ముందు కిందినించి లోపలికి, వెనక పైనించి బయటికి రావాలి. ఒకసారి నేనే రెండు ఫ్యాన్లనీ లోపలికే ఊదేటట్టు బిగించి, ఎందుకు వేడెక్కుతోందా అని పూటంతా తల గోక్కున్నాను. చిన్న కాగితం ముక్క పట్టుకుని చూసి ఉంటే నిముషంలో తేలిపోయేది.

ఇప్పుడు నా అభిప్రాయం. ప్రతి బడిలోనూ ఒక్క పాత కంప్యూటరునైనా పిల్లలకి విప్పడానికి ఇవ్వాలి. ఓమ్ నియమం, అయస్కాంతం, మోటారు, ఉష్ణ ప్రసారం... పుస్తకంలో నాలుగు అధ్యాయాలుగా విడిపోయి ఉన్నవన్నీ ఆ అరచేతంత ఫ్యానులో కలిసి గిర్రున తిరుగుతున్నాయి. కాని మన గదుల్లో "ముట్టుకోరాదు" అని చీటీ అంటించి పెడతాం. పిల్లలు పాడుచేస్తారని భయం. మా బడి అనుభవం చెబుతున్నాను: పాడుచేసింది నేను, కనిపెట్టింది పిల్ల. పెట్టెని పట్టించుకోనిది తాళంచెవి దగ్గరున్న పెద్దవాడు.

పెద్దవాళ్ళ భయంలో కొంత న్యాయం ఉంది, కాదనను. కనక విప్పేముందు ఉపాధ్యాయుడు పక్కన ఉండాలి. స్విచ్చి ఆపడం చాలదు, ప్లగ్గు గోడ నించి పీకాలి. పెట్టె లోహాన్ని ఒకసారి తాకి ఒంటి మీది స్థిరవిద్యుత్తు వదిలించుకోవాలి. కరెంటు సరఫరా చేసే పెట్టెని మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ విప్పకూడదు. ప్లగ్గు పీకిన తరవాత కూడా దాని కెపాసిటర్లలో ప్రమాదకరమైన వోల్టేజీ నిలవ ఉంటుంది. ధూళి ఊదేటప్పుడు ఫ్యాను రెక్కని వేలితో పట్టి ఉంచాలి. ఎందుకో తెలుసా? గాలికి అది గిర్రున తిరిగితే మోటారు కాస్తా డైనమో అయి, కరెంటు బోర్డులోకి వెనక్కి పోతుంది. ఈ సంగతి చెప్పగానే మా పిల్లలు చేసిన మొదటి పని, పాత ఫ్యానుని బోర్డు నించి వేరుచేసి, నోటితో ఊది, వోల్టుమీటరు ముల్లు కదులుతుందా అని చూడడం. చూడనిచ్చాను.

ఇప్పుడు మా గదిలో ప్రతి కంప్యూటరుకీ మూడో తీగ ఉంది. బయాస్‌లో ఆ హెచ్చరికని మళ్ళీ రానిస్తున్నాం. గోడకి ఓ పట్టిక వేలాడదీశాం. సోమవారం సోమవారం తొమ్మిదో తరగతివాళ్ళు ఒక్కో ఫ్యాను వేగం, ప్రాసెసరు ఉష్ణోగ్రత రాస్తారు. ఉష్ణోగ్రత మారకుండా వేగం మాత్రం వారంవారం పెరుగుతోందంటే రెక్కల మధ్య ధూళి చేరుతోందని అర్థం. అది కనిపించగానే పెట్టె విప్పి తుడుస్తారు. రేవు వైపు కిటికీ పక్కనున్న కంప్యూటరుకి ఆ వంతు మిగతావాటికంటే ముందే వస్తోంది. ఆ కిటికీని మూసి ఉంచాలా, లేక కంప్యూటరుని గది అవతలి మూలకి జరపాలా అని పిల్లలు రెండు జట్లుగా విడిపోయి వాదించుకుంటున్నారు. కిటికీ మూస్తే గదిలో వేడి పెరుగుతుందని రెండో జట్టు వాదన. రెండు వారాలు మూసి, రెండు వారాలు తెరిచి, పట్టికలో ఏం వస్తుందో చూద్దామన్నాను. నిన్ననే మూశాం.